నాకు వచ్చిన ఒకే ఒక్క చైనా అక్షరం గుర్రం

‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే కార్డులాట ఆడేవాళ్లకి ‘పోర్టల్ త్రీ కింగ్‌డమ్స్’ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1999లో చైనా, జపాన్ వాళ్లని దృష్టిలో పెట్టుకుని పాత చైనా ‘మూడు రాజ్యాల’ వీరుల కథలతో వేసిన 180 కార్డుల సెట్. నా దగ్గరున్నవి చైనీస్ కార్డులు. సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క సీటు మలేషియా చైనీస్ కుర్రాడు ఊరు మారిపోతూ రెండు డెక్‌లు, అంటే ఆటకి పేర్చిన కార్డుల కట్టలు, నా చేతిలో పెట్టాడు. పన్నెండేళ్లయింది.

నాకు చైనీస్ ముక్క రాదు. వెళ్లేముందు అతను ఒక్కో కార్డూ చూపించి హడావిడిగా చెప్పింది నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నా. ‘మాషూ’, అంటే గుర్రపుస్వారీ, ఏ కార్డు మీదుందో మాత్రం గుర్తుపట్టేవాణ్ణి, గుర్రం అక్షరం చూసి. దానితో చెలరేగిపోయా. గుర్రమెక్కిన వాణ్ణి ఇంకో గుర్రమెక్కినవాడే ఆపాలి. ఎగిరే డ్రాగన్‌కి కూడా ఆ వీల్లేదు. ఈ సెట్‌కి భాషతో పనిలేదని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

ఒకరోజు హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోటుండే చోట, ఒక అంకుల్‌తో ఆడుతున్నా. టేబుల్ మీద నా లియూ బేయ్, ఆ కథల్లో ఒక రాజు; పక్కన అతని సేనాని జావ్ యున్. లియూ బేయ్ మామూలుగా 2/4, అంటే కొట్టే బలం రెండు, తట్టుకునే బలం నాలుగు. నా నోట్‌బుక్‌లో ‘తమ్ముళ్లు ఉంటే +2/+2’ అని ఉంది. నాలుగు డ్యామేజీ అన్నాను. అంకుల్ కోపీ (అక్కడి కాఫీ) కప్పు కింద పెట్టి, నాలుగెందుకన్నాడు. కార్డు తీసుకుని పైకి చదివాడు. ఇంకోసారి చదివి పకపకా నవ్వాడు. ‘ఇందులో గ్వాన్ యూ, జాంగ్ ఫే పేర్లే ఉన్నాయయ్యా. జావ్ యున్ ఎప్పుడు ప్రమాణం చేశాడు?’ ఆట ఆపేసి, పీచ్ తోటలో ముగ్గురూ అన్నదమ్ములమని ఒట్టేసుకున్న కథ మొదలెట్టాడు. జావ్ యున్ ఎంత నమ్మకస్తుడైనా ఆ ముగ్గురిలో లేడు. అంటే అన్నేళ్లూ నేను కర్ణుణ్ణి పాండవుల వరసలో కూర్చోబెట్టి గెలిచానన్నమాట!

ఓడిపోయినా ఆ రాత్రి నిద్రపట్టలేదు, సంతోషంతో. మిగతా కార్డులన్నీ మళ్లీ తీశా. లియూ బేయ్ మంత్రి కుంగ్‌మింగ్ పొగమంచులో గడ్డి నింపిన పడవలు పంపి శత్రువు బాణాలే లక్ష పోగేసుకున్న కథ ఉంది కదా, ఆ కార్డు వేస్తే ఎదుటివాడి ట్యాప్ అయిన (దాడికి వెళ్లి అడ్డం తిరిగిన) క్రీచర్లు, అంటే వీరుల కార్డులు, ఎన్నుంటే నాకన్ని కార్డులు. వాడు ఎంత ఎగబడితే నాకంత లాభం! ఖాళీ కోట ఎత్తుగడ ఒక్క తెల్ల మానాకే (మానా అంటే కార్డు వెయ్యడానికి పెట్టే ఖర్చు) వస్తుంది: ఎదుటివాడు వచ్చే టర్న్‌లో దాడే చెయ్యలేడు. కోట తలుపులు బార్లా తెరిచి ఉంటే, లోపల ఎవరో మాటేశారని భయపడక ఎవడు లోపలికొస్తాడు? (చైనా రాశుల జంతువుల్లో గుర్రం కార్డు కూడా ఉంది. దానికి మాత్రం మాషూ లేదు. ఎక్కేవాడు లేడు కాబోలు.)

మాషూని పొగిడాను కదా. అది ఈ డెక్‌లు రెండూ ఒకదానితో ఒకటి ఆడుకున్నప్పుడే. వేరే సెట్ల డెక్‌లతో వచ్చినవాళ్ల దగ్గర గుర్రాలే ఉండవు, ఆపేదేముంది? ఇద్దరు కుర్రాళ్లు రెండాటలయ్యాక లేచి వెళ్లిపోయారు. పైగా ముగ్గురన్నదమ్ముల్నీ దించాలంటే పదహారు మానా. అన్ని టర్న్‌లు ఎవరాగుతారు?

నాకు ఊరికే వచ్చాయి గనక ఇంత తీరిగ్గా మాట్లాడుతున్నా. డబ్బు పెట్టి కొనాల్సొస్తే నేను కొనేవాణ్ణి కాదేమో. చైనీస్ చదివి చెప్పేవాళ్లు పక్కనుంటే, అదీ కోపీ తాగేంత ఓపికున్నవాళ్లయితే, వేరే సంగతి. మా అంకుల్ ఇప్పటికీ శనివారాలు వస్తాడు. నేను లియూ బేయ్‌ని దించినప్పుడల్లా పక్కన ఎవరున్నారో వంగి చూస్తాడు.