కోర్టు ఎదురుగా పేరు మార్పు ఏజెంటు షాపు: 7,500 రూపాయలకు ఏం చేస్తారు, ఏం చేయరు

మూడు స్టార్లు. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే హైదరాబాద్‌లో ఏ కోర్టు గేటు ముందు చూసినా ఇలాంటి షాపులే వరసగా ఉంటాయి. బోర్డు మీద నోటరీ, అఫిడవిట్, గెజిట్, మ్యారేజ్ సర్టిఫికెట్, జిరాక్స్ అన్నీ ఉంటాయి. మాటలూ రేట్లూ కూడా దాదాపు ఒకటే.

నా పాత పేరు పెంటయ్య. ఎందుకు మార్చుకున్నావని తెలుగువాళ్లెవరూ అడగరు. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదన్న సంగతి కూడా చెప్పకుండానే తెలిసిపోతుంది. ఊళ్లో ఆ పేరుతో నాకే ఇబ్బందీ లేదు, అమ్మ ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను, అక్కడ మొదటి నుంచీ అందరికీ ప్రభాకర్‌నే. జీతం మాత్రం పెంటయ్య ఖాతాలో పడేది. స్కూల్లో పాప ఫారం మీద తండ్రి పేరు పైకి చదివినప్పుడు క్లాసంతా నవ్విందట. అందుకు బయల్దేరాను.

షాపులో కుర్రాడు హుషారైనవాడు. "అన్నా, ఏడున్నర ఇవ్వండి, మీరు సంతకాలు పెడితే చాలు, మిగతా టెన్షన్ మాది" అన్నాడు. ఇచ్చాను. రసీదు అడిగితే 'నేమ్ చేంజ్ ప్యాకేజీ' అని ఒకే లైను రాసిచ్చాడు. లెక్కలు రాసేవాడికి ఒక్క లైను రసీదు ఇస్తే ఎలా ఉంటుంది? ఒక స్టారు అక్కడే పోయింది.

విడగొట్టి నేనే లెక్క వేసుకున్నాను. గెజిట్ అంటే ఇలాంటి ప్రకటనలు అధికారికంగా వచ్చే ప్రభుత్వ పత్రిక. కేంద్ర గెజిట్‌కి పెద్దవాళ్ల పేరు మార్పు ఫీజు 1,100, పిల్లలకైతే 1,700. స్టాంపు పేపరు మీద అఫిడవిట్ (ప్రమాణ పత్రం), టైపింగ్, నోటరీ ముద్ర కలిపి నాలుగు వందల లోపు. ఇంగ్లీషు పేపర్లో ఒకటి, తెలుగు పేపర్లో ఒకటి చిన్న ప్రకటనలు, రెండూ కలిపి నాకు 1,200 చూపించారు. కొరియరూ సీడీ ఇంకో నూట యాభై. మొత్తం మహా అయితే 2,850. అంటే కనీసం 4,650 వాళ్ల కష్టానికి.

ఆ కష్టం ఎంతంటే, అంత లేదు. మొదట అఫిడవిట్: పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, అడ్రసు, ఎందుకు మారుస్తున్నానో ఒక వాక్యం. తర్వాత పేపర్ ప్రకటనలు. వాటి అసలు పేపర్లు దాచుకోవాలి, జిరాక్స్ పనికిరాదు. ఆ తర్వాత నిర్ణీత నమూనాలో దరఖాస్తు, ఇద్దరు సాక్షుల సంతకాలు, మన సంతకం పెట్టిన ఫొటోలు, గుర్తింపు కార్డు కాపీ. గెజిట్‌లో పడాల్సిన వాక్యాలు వర్డ్ ఫైల్లో టైపు చేసి సీడీలో పెట్టి, కాగితం మీదున్నదీ సీడీలో ఉన్నదీ ఒకటేనని ఇంకో పత్రం. ఇదంతా ఢిల్లీ సివిల్ లైన్స్‌లో ఉన్న ప్రచురణ విభాగానికి వెళ్తుంది. ఈ రోజుల్లో సీడీ రాసే డ్రైవ్ ఎవరింట్లో ఉంది? ఆ ఒక్క చోట మాత్రం షాపువాడు నిజంగా అక్కరకొచ్చాడు. రాష్ట్ర గెజిట్ దారి కూడా ఉంది. తెలంగాణకైతే అది చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం పని. నేను కేంద్రానిదే ఎంచుకున్నాను, రేపు ఏ రాష్ట్రంలో ఉన్నా దాని గురించి ఎవరికీ వివరించే పని ఉండదని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే ఉత్త అఫిడవిట్ సరిపోదు, వాళ్లది వేరే దస్తావేజు. ఏజెంటును పట్టుకునే ముందు ఆఫీసులో అడగండి.

రెండో స్టారు ఎందుకు తీశానంటే, డ్రాఫ్టులో మా నాన్న పేరు ఇంగ్లీషు స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టు లేదు. ఒక అక్షరమే తేడా. "ఏం కాదన్నా, నడుస్తది" అన్నాడు. నడవదు. గెజిట్‌లో ఈ ప్రకటనలు వచ్చే నాలుగో భాగంలోనే ఒక నోటీసు ఉంటుంది, ప్రకటనలకు చట్టపరమైన బాధ్యత ప్రభుత్వానిది కాదు, పూర్తిగా ఇచ్చినవాళ్లదేనని. తప్పు అచ్చయితే మళ్లీ మొదటి నుంచి, మళ్లీ డబ్బు. నేను అక్కడే కూర్చుని ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి దిద్దించాను. కుర్రాడికి చిరాకు వచ్చినట్టుంది, రానీ.

ఇంకో తమాషా. సంతకాలు అయ్యాక "కొత్త పేరుకి నంబర్ బలం చూపించుకోరా అన్నా? పదిహేను వందలే, ప్రభాకర్‌లో ఇంకో 'ఏ' పెడితే తిరుగుండదు" అన్నాడు. ఉన్న పేరుతోనే ఇన్నేళ్లు బతికినవాడిని, వద్దన్నాను.

నేను కూర్చున్నప్పుడే ఒక కొత్త జంట వచ్చింది. అమ్మాయికి భర్త ఇంటిపేరు చేర్చాలట. ఆమెకూ అదే ఏడున్నర వేల ప్యాకేజీ చెప్పారు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారడానికి గెజిట్ అక్కర్లేదు, ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ చాలు. ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు అన్నిచోట్లా దాన్ని తీసుకుంటారు. ఆ అబ్బాయిని బయట టీ దగ్గర పట్టుకుని చెప్పాను. ఆ జంట మళ్లీ షాపులోకి వెళ్లలేదు. అప్పటి నుంచి కుర్రాడు నన్ను అన్నా అనడం మానేసి సార్ అంటున్నాడు.

గెజిట్ వచ్చింది. 'వారంలో' అన్నది వారంలో రాలేదు, కానీ వచ్చింది. ఈ భాగం వారానికోసారి, శనివారం తేదీతో వస్తుంది. అప్పుడు "ఒరిజినల్ కాపీ లామినేషన్‌తో ఐదు వందలు" అన్నారు. 2015 నుంచి కేంద్ర గెజిట్ కాగితం మీద అచ్చు వేయడమే మానేశారు, ఈ-గెజిట్ వెబ్‌సైట్లో ఉన్నదే అసలు. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 2000లో 8వ సెక్షన్ దాన్ని అలాగే గుర్తిస్తుంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పక్క జిరాక్స్ షాపులో రెండు పేజీలు కలర్ ప్రింట్ తీయించుకున్నాను.

ప్యాకేజీ అక్కడికి అయిపోతుంది. అసలు తిరుగుడు ఆ తర్వాతే, దాని గురించి వాళ్లు ఒక్క ముక్క చెప్పరు. ముందు ఆధార్. పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు కాబట్టి ఒక్క దెబ్బకు సరిగ్గా పడాలి. పేరు పూర్తిగా మారితే గెజిట్‌తో పాటు పాత పేరున్న గుర్తింపు కార్డు కూడా చూపించాలి, ఫీజు 75. తర్వాత పాన్, కార్డు ఇంటికి రావాలంటే 107. ఈ రెండూ ఒక్కటయ్యాకే బ్యాంకుకి వెళ్లాను. రిజర్వు బ్యాంకు నిబంధనల్లో గెజిట్ చాలని స్పష్టంగా ఉంది, ఆ ముక్క ప్రింట్ తీసి పట్టుకెళ్లడం వల్ల కౌంటర్లో వాదన తగ్గింది. పీఎఫ్ కోసం యజమానితో కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాం. ఓటరు కార్డుకు ఫారం 8, డబ్బు లేదు. పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు పేరు దిద్దడం ఉండదు, కొత్తది తీసుకోవాల్సిందే, 36 పేజీలది మామూలు దారిలో 1,500. పదో తరగతి మెమో జోలికి పోలేదు. అందులో పెంటయ్యే ఉన్నాడు, గెజిట్ ప్రింటు దానికి పిన్ చేసి పెట్టుకున్నాను.

పనైతే చేశారు, కాగితాలు పోగొట్టలేదు, ఫోన్ ఎత్తారు. అందుకే మూడు. ఖాళీ లేనివాళ్లు వెళ్లొచ్చు, కానీ 4,500 దాటి ఇవ్వకండి, ముందే విడివిడిగా లెక్క రాయించుకోండి.

పాప పుట్టిన సర్టిఫికెట్లో నాన్న పేరు ఇంకా పాతదే. దానికి ఎంతని అడిగితే నాలుగు వేలన్నాడు. ఆ పని నేనే చూసుకుంటానని లేచి వచ్చేశాను.