తెలుగు ఉచ్చారణ కిట్లు కొనేముందు లోపలి పేజీలు అడిగి చూడండి

వైజాగ్‌లో చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు ఈ పోస్టు. మాటలు స్పష్టంగా రాని పిల్లల కోసమంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రాక్టీస్ కిట్ తెగ అమ్ముతున్నారు. పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇంకో పేరుతోనూ రావచ్చు కాబట్టి గుర్తులు చెబుతాను.

మా బాబుకి ఐదేళ్లు. ‘ర’ పలకలేడు, రైలుని లైలు అంటాడు. ర, ల, ళ, స... ఒక్కో శబ్దానికి విడిగా మాటల పట్టికలు, అవి కూడా కూరగాయలు, జంతువులు, బళ్లు అని వేరు చేసి బొమ్మలతో ఇస్తామంటే 1,499 రూపాయలు కట్టాం. ఆలోచన నిజంగా మంచిదే. మాటలన్నీ ఒకే విషయం చుట్టూ ఉంటే పిల్లలు విసుక్కోకుండా ఆడుకుంటూ పలుకుతారు.

లోపల చూస్తే ‘ర’ కూరగాయల పేజీలో ముల్లంగి, దోసకాయ, వంకాయ! వాటిలో ‘ర’ ఎక్కడుంది? ‘ల’ ప్యాకెట్ తెరిస్తే అచ్చంగా అదే పేజీ, పైన అక్షరం ఒక్కటే మారింది. ‘ళ’తో మొదలయ్యే మాటలంటూ ఇంకో పేజీ ఉంది. తెలుగు మాట ఏదీ ‘ళ’తో మొదలవదు. అక్కడ లడ్డు, లారీ, లేడి నింపేశారు. ల, ళ తేడా ఇంకా పట్టుబడని పిల్లాడి చేత ఆ పేజీ చదివిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

వరుస కూడా తప్పే. మొదటి పేజీలోనే చక్రం, సముద్రం, రాళ్లు లాంటి కష్టమైన మాటలు. మేం ఇప్పుడు చూపిస్తున్న స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ ముందు శబ్దం ఒక్కటే పలికించారు, తర్వాత రా, రీ, రూ, అది కుదిరాకే చిన్న చిన్న మాటలు, ఆపైన వాక్యాలు. శబ్దమే రాని పిల్లాడి చేత పట్టిక చదివిస్తే రోజూ ‘లైలు’నే గట్టిపరిచినట్టు అవుతుంది.

మేడమ్ పట్టిక రాసే ముందు ఇంట్లో వాడు దేన్ని ఏమంటాడో అడిగారు. కిట్‌లో ‘ర’ కోసం సొరకాయ బొమ్మ ఉంది. మావాడు దాన్ని చూసి ఆనపకాయ అంటాడు, ఇక ‘ర’ పలికే పనే లేదు. ఆవిడ రాసిచ్చినవి బీరకాయ, కాకరకాయ, కరివేపాకు. బీచ్ మీద మాటలు అడిగితే రొయ్య, రేవు, తీరం, కెరటం ఇచ్చారు. అన్నీ వాడు రోజూ చూసేవి, వినేవి.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ప్రకటన. మూడేళ్లకు ‘ర’ రాకపోతే ఆలస్యమైపోయినట్టే అని భయపెడతారు, నెలలో గ్యారంటీ అంటారు. ‘ర’ చాలామంది పిల్లల్లో ఆలస్యంగా కుదిరే శబ్దం. మూడేళ్లప్పుడు దాని బదులు ‘ల’ అనడం మామూలే, అంతమాత్రానికి టెన్షన్ పడి డబ్బులు కట్టకండి. అనుమానంగా ఉంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి. వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. మాటల గురించి చూపించుకునే మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. 1992 చట్టం ప్రకారం ఏర్పడిన ఈ కౌన్సిల్ స్పీచ్ థెరపిస్టులకు నంబర్ ఇస్తుంది. మాకు కిట్ అమ్మినవాళ్లని అడిగితే ‘మా టీమ్‌లో నిపుణులున్నారు’ అన్నారు తప్ప ఒక్క నంబరూ చెప్పలేదు.

డబ్బులు వెనక్కి అడిగితే, తెరిచిన కిట్ మేం వెనక్కి తీసుకోం అన్నారు. పేజీల ఫొటోలు పంపాక ఫోన్ ఎత్తడం మానేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం, ఇంకా తేలలేదు. మీరూ కొని ఉంటే చెల్లింపు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, ఆ ‘ళ’ పేజీ ఫొటో దాచి పెట్టుకుని ఆ నంబరుకే ఫోన్ చేయండి. ఇంకా కొననివాళ్లు ఒకే విషయం మీద రెండు వేర్వేరు అక్షరాల పేజీలు పంపమనండి. రెండూ ఒకటే అయితే కొనకండి.