స్క్రాప్ కంప్యూటర్ల పాలెట్లకి పెట్ (PET) ప్లాస్టిక్ పట్టీ: చాన్నాళ్లు వాడాక చెప్తున్నా

విజయనగరంలో మా గోడౌన్ నుంచి పాత సీపీయూలు, మానిటర్లు, ప్రింటర్లు రీసైక్లింగ్ కంపెనీలకి లారీల్లో పంపుతుంటాం. ఒకప్పుడు అన్నీ గోనెసంచుల్లో కుక్కేసేవాళ్లం. ఆ తర్వాత పాలెట్లకీ (సరుకు పేర్చే చెక్క పీటలు) మామూలు పీపీ (పాలీప్రొపిలీన్) పట్టీకీ మారాం, ఇప్పుడు చాలాకాలంగా వాడుతున్నది ఆకుపచ్చ పెట్ (పాలిస్టర్ రకం ప్లాస్టిక్) పట్టీ, దాన్ని చేత్తో బిగించే టెన్షనర్, సరుకు చుట్టూ చుట్టే 23 మైక్రాన్ల మందం స్ట్రెచ్ ఫిల్మ్ (సాగే పల్చటి ప్లాస్టిక్).

పట్టీకి ఐదుకి నాలుగున్నర ఇస్తా. పీపీ పట్టీ బిగించిన రోజు బాగానే ఉంటుంది, కానీ మే నెలలో రేకుల షెడ్డు కింద రెండు రోజులుంటే సాగి వదులైపోతుంది, సాలూరు ఘాట్ మలుపుల్లో ఆ వదులే కొంప ముంచుతుంది. పాలెట్ మీద చెయ్యేసి ఊపి "ఏటి బాబూ, ఇది ఘాట్ దాటుతాదా?" అనేవాడు మా కలాసీ మేస్త్రి. పెట్ అలా కాదు, కుదుపులకి సరుకు కాస్త కిందికి దిగినా బిగువు వదలదు. ఇప్పుడు ఆయన ఊపి చూడ్డం మానేశాడు.

పట్టీకి అసలు శత్రువు క్యాబినెట్ రేకు అంచు. దారి పొడవునా అక్కడే రాసుకుని రాసుకుని తెగుతుంది. ప్రతి మూలకీ అట్ట యాంగిల్ (ఎల్ ఆకారంలో మడిచిన గట్టి అట్ట) పెట్టాల్సిందే, అది దండగనుకుంటే పాత కార్టన్ ముక్క మూడు మడతలేసి పెట్టినా పనవుతుంది. అర మార్కు తగ్గించింది టెన్షనర్‌ వల్ల: దాని పళ్ల సందుల్లో పట్టీ పొడి పేరుకుపోయి పట్టు జారుతుంది, వైర్ బ్రష్‌తో తరచూ గీకుతుండాలి.

ఫిల్మ్ విషయంలో చాలామంది పొరపడతారు. ఎన్ని చుట్లు తిప్పినా అది బరువు ఆపదు, పెట్టెలు విడిపోకుండా చూస్తుందంతే. మొదటి చుట్లు పాలెట్ చెక్కని కూడా కలుపుకుని వెయ్యాలి, లేకపోతే సరుకంతా ఒక ముద్దగా చెక్క మీద నుంచి జారిపోతుంది. మదర్‌బోర్డుల వెనక టంకం ముళ్లు ఫిల్మ్‌ని చీల్చేస్తాయి కాబట్టి వాటిని అట్టపెట్టెల్లోనే వెయ్యండి. పెట్టెలు మూల మీద మూల వచ్చేలా పేర్చండి, 1200×1000 మిల్లీమీటర్ల పాలెట్ దాటి అంగుళం కూడా బయటికి రానివ్వొద్దు. పాత డబ్బా మానిటర్లు గాజు లోపలికి తిప్పి పెట్టాలి, అందులో సీసం ఉంటుంది. వానాకాలం పైన కూడా కవర్ వెయ్యండి, పక్కలకి ఎంత చుట్టినా పైనుంచి నీళ్లు దిగుతాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌ని ఈ పట్టీ కింద పెట్టకండి. బిగువు ఎక్కువ కాబట్టి లిథియం సెల్ నలిగితే మంటే. బ్యాటరీ తీసేసి, టెర్మినళ్లకి టేపు వేసి విడిగా పంపండి, ఉబ్బినవైతే ఇసుక డబ్బాలో పెట్టండి. యూపీఎస్‌లలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు కూడా ముందే ఊడదీయాలి.

చెక్క పాలెట్లు అమ్మేవాళ్లు హీట్ ట్రీట్‌మెంట్ ముద్ర ఉందని ఎక్కువ ధర చెప్తారు. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచినందుకు వేసే ముద్ర అది, విదేశాలకి పంపేవాళ్లకి కావాలి. మాలాగా దేశం లోపలే, రాయపూర్ లాంటి చోటికి పంపడానికి దానికి డబ్బులు పెట్టొద్దు, ఆ డబ్బుతో అట్ట యాంగిల్స్ కొనుక్కోండి.