వే కాన్సన్‌ట్రేటా, ఐసోలేటా?

రెండూ పాల విరుగుడు తేట (ఇంగ్లిష్‌లో ‘వే’) నుంచి వచ్చే ప్రొటీన్ పౌడర్లే, తేడా అంతా వడపోతలో. కాన్సన్‌ట్రేట్ పౌడర్లలో ప్రొటీన్ 80 శాతం దాకా ఉంటుంది. మిగతాదాంట్లో లాక్టోజ్ (పాలలోని చక్కెర), కొవ్వు. ఐసోలేట్‌ను ఇంకా వడకడతారు కాబట్టి 90 శాతం వరకు వెళ్తుంది, లాక్టోజ్ నామమాత్రం. 30 గ్రాముల స్కూపులో చూస్తే తేడా సుమారు 3 గ్రాములే. దానికోసం అంత ఎక్కువ డబ్బు పెట్టడం నాకైతే దండగే. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఐసోలేటే నయం.

60 కిలోల మహిళకు కిలోకు 0.8 గ్రాముల లెక్కన రోజుకు 48 గ్రాముల ప్రొటీన్ కావాలి. బరువులెత్తేవాళ్లకు, పాలిచ్చే తల్లులకు ఇంకా ఎక్కువే. ఏ పౌడరైనా ఒక స్కూపుతో దాదాపు సగం తీరుతుంది. ఐరన్ మాత్రం రెండింట్లోనూ అంతంతమాత్రమే. ‘మహిళల కోసం’ అని రాసిన డబ్బాలోనూ చాలావరకు ఇదే వే (గులాబీ రంగు అదనం!). కిడ్నీ జబ్బుంటే ఏది కొనాలన్నా ముందు డాక్టర్ని అడగాలి.