‘ఫుల్ ఓపెన్ ఫోన్’ రీల్స్ చూసి సెకండ్ హ్యాండ్ సామ్‌సంగ్ కొనబోతున్నారా? డబ్బులిచ్చే ముందు షాపులోనే రీస్టార్ట్ చేయించండి

పేరు రాయను. రాయాల్సిన పనీ లేదు. అబిడ్స్ వైపు సెకండ్ హ్యాండ్ ఫోన్ల కోసం ఒక్కసారి వెతికారంటే ఆ మనిషి రీల్ మీ ఇన్‌స్టాలో వచ్చి వాలుతుంది. "గూగుల్ ఏపీకేలు బంద్ చేస్తుంది అన్నా, ఇప్పుడే ఫుల్ ఓపెన్ ఫోన్ తీసుకో, యాడ్స్ లేవ్, టెన్షన్ లేదు" అని అరుస్తుంటాడు చూడండి, ఆయనే. (ఏపీకే అంటే ప్లే స్టోర్ తో పనిలేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్ ఫైలు.)

మా బావ అక్కడ ఎస్22 కొన్నాడు, ₹19,500. ఇంట్లో ఫోన్లు ఫ్లాష్ చేసేవాణ్ణి (అంటే ఫోన్ సిస్టమ్ తీసేసి మళ్ళీ ఎక్కించేవాణ్ణి) నేనొకణ్ణి ఉన్నా ఆయనకు అడగబుద్ధి కాలేదు, అది వేరే కథ. బాక్స్ ఉంది, స్క్రీన్ మీద గీత లేదు, సిమ్ వేసి యూపీఐలో పది రూపాయలు పంపిస్తే వెళ్ళాయి. సంతోషంగా ఇంటికొచ్చాడు. నెల తిరక్కముందే యూపీఐ యాప్ "ఈ ఫోన్ సురక్షితం కాదు" అని మొహం మీద తలుపేసింది. మరుసటి రోజు బ్యాంకు యాప్ కూడా అదే మాట.

ఫోన్ పట్టుకుని షాపుకు పోయాం. కౌంటర్ మీద పెట్టి "యూపీఐ పనిచేస్తలేదు" అన్నాం, అంతే, ఇంకో ముక్క చెప్పలేదు. వాడు ఫోన్ అందుకుని యాప్‌ల లిస్టు పైకి లాగాడు. అందులో సెట్టింగ్స్ అని రెండున్నాయి. ఒకటి మామూలుది. రెండోది చివరి పేజీలో ఉంది, బొమ్మ వేరు. పక్కవాడికి చాయ్ చెబుతూనే, స్క్రీన్ వైపు సరిగ్గా చూడకుండానే, సరాసరి ఆ రెండోదాన్ని నొక్కాడు. తెరుచుకున్నది మ్యాజిస్క్.

తెలియనివాళ్ళకు: ఆండ్రాయిడ్ ఫోన్ రూట్ చేయడానికి, అంటే కంపెనీ అడ్డుగోడలు దాటి సిస్టమ్ మొత్తం మీద హక్కు తెచ్చుకోవడానికి, వాడే సాధనం మ్యాజిస్క్. బ్యాంకు యాప్‌లు పసిగట్టకుండా దాని పేరు మార్చి దాచుకునే వీలు అందులోనే ఉంది. మార్చేటప్పుడు అది తనంతట తాను ఇచ్చే పేరు ‘సెట్టింగ్స్’. దాచినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది అది ఏ పేజీలో ఉందో?

అమ్మేటప్పుడు చెప్పలేదేం అని అడిగితే వచ్చిన జవాబు వినండి. "ఓపెన్ ఫోన్ అని చెప్పినగా అన్నా. ఓపెన్ అంటే గదే. ఏ లొల్లి లేకుండ కావాలంటే ఐఫోన్ కొనుక్కోవాలె." పక్కనున్న ఇద్దరు కస్టమర్లు నవ్వారు. నవ్వండి బాబూ, మీ చేతిలో ఉన్నదీ ఆయన ఫోనే. ఆ తర్వాత వచ్చింది అసలు ఆఫర్: "కీబాక్స్ పోయింది, కొత్తది ఏస్తా, ఎనిమిది వందలు. పోయినప్పుడల్లా తెచ్చుకో." కీబాక్స్ ఏంటో కింద చెబుతాను. అంటే ఫోన్‌కు పంతొమ్మిదిన్నర వేలు కట్టి, అది నడవడానికి కేబుల్ టీవీలాగా నెలనెలా చందా కూడా కట్టాలన్నమాట. బిల్లు తీసి చూస్తే అడుగున రబ్బరు స్టాంపు: సాఫ్ట్‌వేర్‌కు గ్యారంటీ లేదు.

షాపులో పనిచేసింది ఇంట్లో ఎందుకు చచ్చిందో చెబుతాను, ఎందుకంటే ఈ మోసం మొత్తం దానిమీదే నడుస్తోంది. ప్రతి ఫోన్‌లోనూ ఫ్యాక్టరీలో ఒక రహస్య తాళంచెవి పెడతారు. యాప్ అడిగినప్పుడు ఫోన్ ఆ తాళంచెవితో సంతకం చేసి "నా బూట్‌లోడర్ లాక్‌లో ఉంది, నా సిస్టమ్ కంపెనీదే" అని సాక్ష్యమిస్తుంది. (బూట్‌లోడర్ అంటే ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్. అది లాక్‌లో ఉంటే కంపెనీది కాని సిస్టమ్‌ను లేవనివ్వదు.) గూగుల్ దాన్ని చూసి యాప్‌కు మూడు రకాల లేబుళ్ళలో జవాబు చెబుతుంది: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. దీని పేరు ప్లే ఇంటెగ్రిటీ. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆ పైన ఉన్న ఫోన్లకు ఈ హార్డ్‌వేర్ సాక్ష్యం లేకుండా డివైస్ లేబుల్ కూడా రావడం లేదు. స్ట్రాంగ్ రావాలంటే ఏడాది లోపు సెక్యూరిటీ ప్యాచ్ కూడా ఉండాలి.

బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఫోన్ నిజమే చెబుతుంది, యాప్ మూసుకుంటుంది. అందుకని వీళ్ళు వేరే ఏదో ఫోన్ నుంచి బయటకు పొక్కిన తాళంచెవుల ఫైలు తెచ్చి, మ్యాజిస్క్ మాడ్యూల్ (దానికి తగిలించే అదనపు ముక్క) ద్వారా దానితో దొంగ సంతకం పెట్టిస్తారు. ఆ ఫైలే కీబాక్స్. ఒకే కీబాక్స్ వేల ఫోన్లలో తిరుగుతుంటే గూగుల్‌కు దొరకడం ఎంతసేపు? దొరికిన వెంటనే రద్దు జాబితాలో వేస్తుంది. ఆ రోజు ఆ కీబాక్స్ పెట్టుకున్న ఫోన్లన్నీ ఒకేసారి పడిపోతాయి. కొన్నవాడు ఏం తప్పు నొక్కానా అని తల పట్టుకుంటాడు, అమ్మినవాడు "మీరేదో గెలికారు" అంటాడు.

డబ్బు సంగతి అటుంచితే ఇంకో భయం ఉంది. ముక్కూమొహం తెలియనివాడు రూట్ చేసిన ఫోన్‌లో మీ బ్యాంకు, మీ ఓటీపీలు. రూట్ హక్కు ఉన్న మాడ్యూల్ ఏ యాప్ డేటానైనా చదవగలదు. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాం కదా అనుకోకండి. రీసెట్ తుడిచేది మీ డేటాను, రూట్ కోసం మార్చిన బూట్ ఇమేజ్‌ను (ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు నడిచే సిస్టమ్ భాగాన్ని) కాదు.

ఇక షాపులో నిలబడి చూసుకోవాల్సినవి. మొదట రీస్టార్ట్. అన్‌లాక్ అయిన సామ్‌సంగ్ ఆన్ అయ్యేటప్పుడు బూట్‌లోడర్ అన్‌లాక్ అయిందని ఇంగ్లిష్‌లో హెచ్చరిక చూపిస్తుంది. షావోమీలో అయితే లోగో దగ్గర తెరిచిన తాళం బొమ్మ, కొన్ని మీడియాటెక్ ఫోన్లలో ‘ఆరెంజ్ స్టేట్’ అనే రాత, ఐదు సెకన్ల ఆలస్యం. ఇలాంటి షాపుల్లో ఫోన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేది ఇందుకే. అయితే సామ్‌సంగ్‌లో ఆ హెచ్చరిక బొమ్మను నల్ల బొమ్మతో మార్చేసే ఘనులు కూడా ఉన్నారు. కాబట్టి రీస్టార్ట్‌తో ఆగకండి, డౌన్‌లోడ్ మోడ్‌లోకి (సామ్‌సంగ్‌లో సిస్టమ్ ఎక్కించడానికి ఉండే ప్రత్యేక తెరలోకి) వెళ్ళండి.

ఫోన్ పూర్తిగా ఆఫ్ చేసి, వాల్యూమ్ రెండు మీటలూ కలిపి నొక్కి పట్టుకుని, కంప్యూటర్‌కు తగిలించిన యూఎస్‌బీ కేబుల్ గుచ్చండి. షాపులో ల్యాప్‌టాప్ లేకుండా ఉండదు. నీలం తెర వస్తుంది. ఇక్కడ జాగ్రత్త: వాల్యూమ్ పై మీటను ఒక్కసారి తట్టి వదిలేయండి. ఓఈఎం అన్‌లాక్ (బూట్‌లోడర్ తెరవడానికి సెట్టింగ్స్‌లో ఇచ్చే అనుమతి) ఆన్ చేసి ఉన్న ఫోన్‌లో దాన్ని నొక్కిపట్టారంటే అన్‌లాక్ చేసే తెర వస్తుంది, అక్కడ ఒప్పుకుంటే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాతి తెరలో పైన చిన్న అక్షరాల్లో నాలుగైదు వరసలుంటాయి, ఫోటో తీసుకోండి. ‘కరెంట్ బైనరీ’ ఎదురుగా సామ్‌సంగ్ అఫీషియల్ అని ఉండాలి, కస్టమ్ అని ఉండకూడదు. ‘ఓఈఎం లాక్’ ఆన్‌లో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ‘వారంటీ వాయిడ్’ వరస. జీరో ఎక్స్ జీరో (0x0) అయితే మంచిది. జీరో ఎక్స్ వన్ (0x1) అయితే నాక్స్ (సామ్‌సంగ్ భద్రతా వ్యవస్థ) ఫ్యూజు కాలిపోయిందని అర్థం. ఇది చిప్ లోపలి ఫ్యూజు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తిప్పలేదు. సెక్యూర్ ఫోల్డర్, సామ్‌సంగ్ వాలెట్ ఆ ఫోన్‌లో ఇక మామూలుగా పనిచేయవు. మా బావ ఫోన్‌లో చూస్తే బైనరీ కస్టమ్, లాక్ ఆఫ్, ఫ్యూజు వన్. మూడుకు మూడూ.

అదే తెరలో ‘కేజీ స్టేట్’ అని ఇంకో వరస ఉంటుంది. అక్కడ లాక్డ్ అనో యాక్టివ్ అనో కనిపిస్తే ఆ ఫోన్ మీద ఎవరిదో ఈఎంఐ బాకీ ఉండి ఉండొచ్చు. దణ్ణం పెట్టి వచ్చేయండి. బయటికి రావాలంటే వాల్యూమ్ కింది మీట, పవర్ కలిపి పది సెకన్లు పట్టుకుంటే చాలు.

డౌన్‌లోడ్ మోడ్ అంటే షాపువాడు కస్సుమంటే (అంటాడు), కనీసం ప్లే స్టోర్ తెరిచి సెట్టింగ్స్, అబౌట్‌లోకి వెళ్ళి వెర్షన్ నంబర్ మీద ఏడుసార్లు తట్టండి. జనరల్ కింద డెవలపర్ ఆప్షన్స్ వస్తుంది, అందులో ఇంటెగ్రిటీ చెక్ చేసే బటన్ ఉంది. కానీ కీబాక్స్ బతికున్నంత కాలం ఇదీ పాసవుతుంది. ‘సర్టిఫైడ్ డివైస్’ అన్న మాటా అంతే. పాసైందని నమ్మకండి, ఫెయిలైతే మాత్రం తప్పకుండా నమ్మండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మీద కూడా ఒకసారి నొక్కి చూడండి. సిస్టమ్ మార్చిన ఫోన్ అప్‌డేట్ తీసుకోనని మొరాయిస్తుంది.

ఇదంతా మా వాట్సాప్ గ్రూపులో చెబితే వెంటనే ఒకాయన "అందుకే నేను ఆపిలే వాడతా, స్టోర్ మూసి ఉంటేనే మేలు" అని మొదలుపెట్టాడు. అయ్యా, అవే గల్లీల్లో ఐఫోన్‌కు "స్టోర్‌లో లేని యాప్‌లు వేసిస్తాం, ఏడాది గ్యారంటీ" అని సర్టిఫికెట్లు అమ్ముతున్నారు. స్టోర్ బయటి యాప్ ఐఫోన్‌లో తెరుచుకోవాలంటే దానిమీద ఆపిల్ గుర్తించే డిజిటల్ సంతకం (సైనింగ్) ఉండాలి. ఉచిత ఆపిల్ ఐడీతో సైన్ చేసిన యాప్ ఏడు రోజులే బతుకుతుంది. ఏడాది బతకాలంటే 99 డాలర్ల డెవలపర్ ఖాతా కావాలి. వీళ్ళు అమ్మేది చాలావరకు ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం తీసుకున్న సర్టిఫికెట్‌తో చేసిన సైనింగ్. ఆపిల్ దాన్ని రద్దు చేసిన రోజు అన్ని యాప్‌లూ ఒకేసారి తెరుచుకోవడం మానేస్తాయి. కీబాక్స్ కథే, అచ్చంగా. 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో బయటి స్టోర్లకు తలుపు తీసింది యూరప్‌లో, మనకు కాదు. ఆఫీసు లాక్ ఉన్న సెకండ్ హ్యాండ్ ఐఫోన్ల సంగతి మళ్ళీ వేరు: రీసెట్ చేయగానే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని పాత కంపెనీ పేరుతో తెర వస్తుంది.

నా మట్టుకు నేను ఓపెన్ వైపే. బూట్‌లోడర్ తెరవడం నేరం కాదు, మన ఫోన్ మన ఇష్టం. గూగుల్ పిక్సెల్ ఫోన్‌లో గ్రాఫీన్ ఓఎస్ (భద్రత కోసం వేరేవాళ్ళు చేసిన ఆండ్రాయిడ్) వేసి బూట్‌లోడర్ మళ్ళీ లాక్ చేసుకుంటే చాలా కంపెనీ ఫోన్లకన్నా గట్టిది. అయినా గూగుల్ దానికి డివైస్ లేబుల్ ఇవ్వదు, ఏళ్ళ తరబడి ప్యాచ్ లేని ఫోన్‌కు మాత్రం ఇస్తుంది. ఆ కోపం నాకూ ఉంది. ఆండ్రాయిడ్ విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు ₹1,337.76 కోట్ల జరిమానా వేసింది, ప్లే స్టోర్ బిల్లింగ్ మీద ఇంకోటి. 2024 ఫిబ్రవరిలో ప్లే స్టోర్‌కు పోటీగా ఫోన్‌పే వాళ్ళ ఇండస్ యాప్‌స్టోర్ వచ్చింది. స్టోర్లు ఎన్ని వచ్చినా ఏం లాభం, గేటు స్టోర్ దగ్గర్నుంచి ఇంటెగ్రిటీ దగ్గరికి జరిగాక? ఇది వాదించాల్సిన విషయమే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని, రూట్ చేసిన ఫోన్‌ను రూట్ చేయనిదిగా అంటగట్టేవాడు ఓపెన్ ప్లాట్‌ఫామ్ కోసం పోరాడుతున్నట్టు పోజు కొడితే ఒళ్ళు మండుతుంది. నిజంగా ఓపెన్ ఫోన్ అమ్మేవాడైతే బిల్లు మీద రాసిస్తాడు: బూట్‌లోడర్ అన్‌లాక్, ఫ్యూజు పోయింది, బ్యాంకు యాప్‌లకు హామీ లేదు, అందుకే ఇంత తక్కువ ధర.

అన్నట్టు ఆ రీల్‌లోని ఏపీకే బంద్ మాట కూడా సగం అబద్ధమే. గుర్తింపు నమోదు చేసుకోని డెవలపర్ల యాప్‌లు సర్టిఫైడ్ ఫోన్లలో ఎక్కవని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించిన మాట నిజం. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండొనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లో మొదలు, మిగతా దేశాలకు 2027 నుంచి అంది. గొడవయ్యాక, తెలిసినవాళ్ళకు వేరే దారి ఉంచుతామనీ చెప్పింది. కంప్యూటర్ నుంచి ఏడీబీతో (కేబుల్ తగిలించి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనంతో) ఎక్కించుకునే దారి ఉండనే ఉంది. దానికోసం కాలిన ఫ్యూజు కొనక్కర్లేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకు: సామ్‌సంగ్ అయితే మీ మోడల్‌కు, మీ ప్రాంతం కోడ్‌కు సరిపడే అసలు ఫర్మ్‌వేర్ (కంపెనీ సిస్టమ్ ఫైళ్ళు) దించుకుని, ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నాలుగు ఫైళ్ళూ (బీఎల్, ఏపీ, సీపీ, సీఎస్‌సీ) ఎక్కించండి. హోమ్ సీఎస్‌సీ వద్దు, మామూలు సీఎస్‌సీ పెడితేనే డేటా తుడిచి శుభ్రంగా వస్తుంది. ఉన్నదానికన్నా పాత బూట్‌లోడర్ వెర్షన్ ఎక్కదు, ప్రయత్నించకండి. ఒకసారి అసలు సిస్టమ్‌తో ఆన్ అయ్యాకే బూట్‌లోడర్ లాక్ చేయండి. మా బావ ఫోన్ ఇలాగే చేశాను. యూపీఐ, బ్యాంకు యాప్ వచ్చాయి, సెక్యూర్ ఫోల్డర్ రాలేదు, ఇక రాదు. షావోమీవాళ్ళు మాత్రం తొందరపడొద్దు. చైనా ఫోన్‌లో గ్లోబల్ రోమ్ (బయటి దేశాల కోసం చేసిన సిస్టమ్) వేసి అమ్మినదాన్ని అలాగే లాక్ చేస్తే అక్కడికక్కడే ఆన్ కాకుండా ఇటుకైపోతుంది.

బిల్లులో ఐఎంఈఐ నంబర్ రాయించుకోండి. కొనేముందు *#06# కొట్టి ఆ నంబర్ దొంగ ఫోన్‌దేమో ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి, లేదా ఇంగ్లిష్‌లో కేవైఎం (KYM) అని, ఖాళీ వదిలి, ఐఎంఈఐ కొట్టి 14422కు మెసేజ్ పెట్టండి. రబ్బరు స్టాంపు చూసి భయపడకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ₹5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. మేం డౌన్‌లోడ్ మోడ్ ఫోటో, బిల్లు, ఆ రీల్ స్క్రీన్ రికార్డింగ్ జతచేసి 1915లో పెట్టాం. రీల్ డిలీట్ చేసేలోపే రికార్డ్ చేసుకోండి. మేం కామెంట్ పెట్టిన గంటకే వాడు మాయం చేశాడు, మమ్మల్ని బ్లాక్ కూడా చేశాడు.