మొక్కలు నాటడమా, మోళ్ళను బతికించడమా: అడవికి ఏది మేలు?

ఇన్ని కోట్ల మొక్కలు నాటామని ఏ దేశం చెప్పినా అది పనిరోజు లెక్క. అడవి లెక్క మూడేళ్ళయ్యాక తేలుతుంది. తుర్కియే 2019 నవంబర్ 11న ఒక్కరోజే కోటీ 10 లక్షల మొక్కలు నాటించింది. కొన్ని నెలలకే, తాము చూసిన చోట్ల 90 శాతం దాకా ఎండిపోయాయని వ్యవసాయ, అటవీ కార్మికుల సంఘం అంది. చాలావరకు బతికే ఉన్నాయని ప్రభుత్వం అంది.

నాటిన మొక్కకు దెబ్బ ఎక్కువగా వేరు దగ్గరే. నర్సరీ సంచిలో నెలల తరబడి ఉండిపోయిన మొక్కకు ఆ సంచి చింపి చూస్తే అడుగున వేళ్ళు ఉంగరంలా చుట్టుకుని ఉంటాయి. గుంతలో పెట్టినా ఆ చుట్ట విప్పుకోదు. రెండు మూడేళ్ళు పచ్చగానే కనిపించి ఓ ఈదురుగాలికి ఒరిగిపోతుంది. అడుగు చుట్టను కోసేసి, పక్కల నిలువుగా రెండు మూడు గాట్లు పెట్టి నాటాలి. అదీ వానలకు నేల బాగా తడిశాకే.

రెండో పద్ధతి, అంటే మోళ్ళను బతికించడానికి, నర్సరీతో పనే లేదు. పశ్చిమ ఆఫ్రికా దేశం నైజర్‌లోని మరాది ప్రాంతంలో 1980ల్లో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో దీన్ని రైతుల్లోకి తీసుకెళ్ళాడు. పొలాల్లో పొదల్లా కనిపించేవి నిజానికి నరికేసిన చెట్ల మోళ్ళు, కింద వేళ్ళు బతికే ఉన్నాయి. మోడుకు మూడు నుంచి ఐదు నిటారు పిలకలు ఉంచి మిగతావి కోసేస్తారు. ఉంచినవాటికి సగం ఎత్తు దాకా పక్కకొమ్మలు తీస్తారు, కొన్ని నెలలకోసారి మళ్ళీ అదే పని. మొద్దుకత్తి వాడితే బెరడు చీలి తెగులు పడుతుంది. వేరు ముందే లోతుకు దిగింది కనుక నీళ్ళు మోయక్కర్లేదు. అక్కడ సుమారు 50 లక్షల హెక్టార్లలో ఇలా చెట్లు లేచాయి. చెట్టు సర్కారుదన్నంత కాలం దానివైపు చూడని రైతు, తనదని నమ్మకం కుదిరాక పిలకకు మేక మూతి తగలనివ్వలేదు.

మోడే లేని బోడికొండ మీద ఇది పనికిరాదు, నాటాల్సిందే. దక్షిణ కొరియా 1973లో పదేళ్ళ ప్రణాళికగా 10 లక్షల హెక్టార్లు పెట్టుకుని 1978కే ముగించింది. ఇళ్ళల్లో కట్టెల బదులు బొగ్గు బిళ్ళలు రాబట్టే ఆ చెట్లు పొయ్యిలోకి పోలేదు.

నాటినా ఒకటి రెండు జాతులతో సరిపెడితే జపాన్ అవస్థే. యుద్ధం తర్వాత కొండలనిండా సుగి (జపాన్ దేవదారు), హినోకి (జపాన్ సైప్రస్) చెట్లే నాటారు. ఇప్పుడు ఏటా వసంతంలో జనం ఆ పుప్పొడికి తుమ్మలేక చస్తున్నారు. పదేళ్ళలో సుగి తోటలను 20 శాతం తగ్గిస్తామని 2023లో ప్రభుత్వమే ప్రకటించింది.

కాబట్టి ముందు నేలంతా నడిచి చూడాలి. బతికున్న మోళ్ళో, దగ్గర్లో విత్తనం రాల్చే పెద్దచెట్లో ఉంటే మొదటి రెండేళ్ళు ఒక్క మొక్కా కొనొద్దు. పశువులను ఆపి, మంట పాకకుండా చుట్టూ గడ్డి చెక్కిస్తే చాలు. అప్పటికీ ఖాళీగా మిగిలిన చోటే స్థానిక జాతులు నాలుగైదు కలిపి నాటాలి. మొలకలను కమ్మేసే గడ్డిని కోయించొద్దు, కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. చెక్కపలక వేసి తొక్కి పడుకోబెట్టాలి.