జాగ్రత్త: కొలత చూపించకుండా మీ పికప్‌లో ఒక్క భాగాన్నీ మార్చనివ్వకండి

పికప్ కొనాలనుకుంటున్నవారు, అందులోనూ సెకండ్‌హ్యాండ్ బండి చూస్తున్నవారు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఏడు నెలల్లో నా బండికి రెండుసార్లు బ్యాటరీ, ఒకసారి ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీని నింపేది), ఒకసారి కంట్రోల్ మాడ్యూల్ (బండిలోని చిన్న కంప్యూటర్) మార్చారు. నిలిపితే స్టార్ట్ కాకపోవడం, మలుపులో స్టీరింగ్ బరువెక్కడం నా బండి జబ్బు. మార్చినవాటిలో ఏదీ దానికి కారణం కాదు. అసలు దోషాలు రెండు. క్యాబిన్‌ను ఛాసిస్‌కు కలిపే జానెడు ఎర్త్ పట్టీ (వాడిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి) దగ్గర ఒకటి, వెనక బంపర్ కింద నీళ్లు దిగిన వైరు అతుకులో మరొకటి. ఈ రెండూ బయటపడటానికి చివరకు ఒక పూట పట్టింది. కావలసిన పరికరాలు వోల్టులు, ఓములు కొలిచే ఒక మల్టీమీటర్, ఒక క్లాంప్ మీటర్, అంతే.

బండి డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, కొనేనాటికి నాలుగేళ్లది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరహా జబ్బు ఏ కంపెనీ పికప్‌కైనా వస్తుంది. అమ్మినవారు స్కానర్ (బండి కంప్యూటర్లలో నమోదైన లోపాలు చదివే పరికరం) పెట్టి తీసిన తనిఖీ కాగితం కూడా ఇచ్చారు. అందులో లోపాల సంఖ్య సున్నా. ఆ సున్నా చూసి సంతోషంగా సంతకం పెట్టాను. అదే కాగితం అడుగున మరో వరుస ఉంది: లోపాలు చెరిపిన తరువాత బండి నడిచిన దూరం 11 కిలోమీటర్లు. ఆ వరుసకు అర్థం నాకు ఏడు నెలల తరువాత తెలిసింది. నాకు బండి చూపించే ముందు రోజో, ఆ పూటో, జాబితా మొత్తం తుడిచేశారు.

రెండో వారంలోనే మొదలైంది. రెండు మూడు రోజులు కదలకుండా నిలిపితే తరువాత ఉదయం సెల్ఫ్ తీసుకోదు, టకటకమని రిలే చప్పుడు మాత్రం వస్తుంది. రోజూ నడిపితే ఏమీ ఉండదు. ఇంకోవైపు, రాత్రి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసుకుని నెమ్మదిగా మలుపు తిప్పుతుంటే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోయేవి. ఒకసారి పిల్లలు వెనక సీట్లో ఉండగా, మలుపు మధ్యలో స్టీరింగ్ రాయిలా బరువెక్కింది. బలమంతా ఉపయోగించి పక్కకు తీసి ఆపాను. ఇంజిన్ ఆపి మళ్లీ వేస్తే అంతా మామూలే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సర్వీస్ సెంటర్‌కు మొదటిసారి తీసుకెళ్లినప్పుడు బ్యాటరీ బలహీనమైందని కొత్తది వేశారు. పది రోజులు బాగానే ఉంది, మళ్లీ అదే కథ. రెండోసారి ఆల్టర్నేటర్ అన్నారు. మూడోసారి స్కానర్‌లో యు0140 అనే కోడ్ కనిపించింది. బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తో సంబంధం తెగిపోయిందని దాని అర్థం. సంబంధం తెగింది కాబట్టి ఆ మాడ్యూలే పోయిందని తేల్చి కొత్తది వేసి, బండి తాళంచెవులను కూడా మళ్లీ అది గుర్తుపట్టేలా చేశారు. నాలుగోసారి సాఫ్ట్‌వేర్ మార్చారు. ఐదోసారి వెళ్లేసరికి మొదట వేసిన కొత్త బ్యాటరీ నిజంగానే చెడిపోయింది. పదేపదే పూర్తిగా దిగిపోతే సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ పట్టు తగ్గుతుంది. జబ్బు వల్ల చెడిన వస్తువును జబ్బుకు కారణం కింద రాసి మళ్లీ బిల్లు వేశారు.

నా కోపం వాళ్లకు దోషం దొరకనందుకు కాదు. వచ్చి పోయే కరెంటు జబ్బు ఎవరికైనా కష్టమే. ఐదు సార్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఒక్క అంకెను కొలిచి కాగితం మీద రాయలేదు. అదే నాకు బాధ.

ఆరోసారి అక్కడికి వెళ్లకుండా ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన పనిముట్లు తీయకముందే ఒక ప్రశ్న అడిగారు: ఎన్ని రోజులు నిలిపితే స్టార్ట్ కావడం లేదు? రోజూ నడిపే బండి ఎప్పుడు పడితే అప్పుడు మొరాయిస్తే ఒక దారి, నిలిపిన తరువాతే మొరాయిస్తే వేరే దారి అని చెప్పారు. నా డైరీలో తేదీలన్నీ రాసి పెట్టుకున్నాను, చూపించాను. ప్రతిసారీ కనీసం రెండు రోజులు కదలని బండే. అంటే నిద్రపోవాల్సిన బండిలో ఏదో మేలుకుని బ్యాటరీని తాగుతోంది.

ఇప్పటి బండ్లలో తాళంచెవి తిప్పి ఆపినంత మాత్రాన కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. ఒక్కొక్కటిగా పడుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. అందుకే ఆయన తలుపుల గొళ్లేలను స్క్రూడ్రైవర్‌తో మూసి, అన్నీ వేసి ఉన్నాయని బండి అనుకునేలా చేశారు. తాళంచెవిని దూరంగా పెట్టించారు, ఎందుకంటే కొన్ని బండ్లు తాళంచెవి దగ్గరలో ఉన్నంతసేపూ పడుకోవు. బ్యాటరీ నెగటివ్ వైరుకు క్లాంప్ మీటర్ (వైరును విప్పకుండా చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) తగిలించి గంట వేచి చూశారు. బండి పూర్తిగా పడుకున్నాక 50 మిల్లీయాంపియర్ల లోపు కరెంటు పోవడం మామూలు. నా బండిలో గంట దాటినా 380 దగ్గరే ఆగిపోయింది. రోజుకు తొమ్మిది యాంపియర్-అవర్లకు పైనే. నాలుగు రోజులు నిలిపితే 70 యాంపియర్-అవర్ల బ్యాటరీలో సగం ఖాళీ.

తరువాత చేసిన పని చూసి నేర్చుకోవలసినది. చాలామంది ఈ దశలో ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతారు. ఫ్యూజు పీకి మళ్లీ పెడితే నిద్రపోయిన కంప్యూటర్లు మేలుకుంటాయి, లెక్కంతా తారుమారవుతుంది. ఆయన ఒక్క ఫ్యూజు కూడా కదపలేదు. ప్రతి ఫ్యూజు తల మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలుచుకుంటూ పోయారు. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా వస్తుంది, పారుతున్న దాని మీద ఎంతో కొంత కనిపిస్తుంది. అలా ట్రైలర్ లైట్ల ఫ్యూజు దగ్గర ఆగారు.

నేను ట్రైలర్ ఎప్పుడూ తగిలించలేదు. మునుపటి యజమాని బయట చేయించుకున్న వైరింగ్ అది. బంపర్ కింద వైరును కోయకుండా పైనుంచి నొక్కి అతికించే ప్లాస్టిక్ క్లిప్పులు వాడారు. వాటి బ్లేడు వైరు తొడుగును చీల్చుకుని లోపలికి దిగుతుంది, ఆ చీలిక గుండా నీరు కూడా దిగుతుంది. ఆయన తొడుగు ఒలిచి చూపిస్తే లోపలి రాగి తీగలు ఆకుపచ్చని చిలుము పట్టి పొడిపొడిగా రాలాయి. చిలుము అతుకు దగ్గరే ఆగలేదు, తీగల సందుల్లో పాకుతూ జానెడు దూరం పోయింది. ఆ తడి అతుకు వల్ల ట్రైలర్ మాడ్యూల్ తనకు ఏదో తగిలించారనుకుని రాత్రంతా మేలుకునే ఉంది.

నిలిపితే బ్యాటరీ ఎందుకు దిగుతోందో అలా తేలింది. మరి స్టీరింగ్ బరువెక్కిన సంగతి?

పికప్‌కు, మామూలు కారుకు మధ్య తేడా ఇక్కడే తెలుసుకోవాలి. కారు శరీరం మొత్తం ఒకే లోహపు ముక్క లాంటిది. ఎక్కువ పికప్‌లలో కింద ఛాసిస్ వేరు, దాని మీద క్యాబిన్ వేరు, వెనక సరుకు తొట్టి వేరు. క్యాబిన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది, ఇంజిన్ కూడా రబ్బరు మీదే. రబ్బరు గుండా కరెంటు పోదు కదా. క్యాబిన్‌లోని లైట్లు, బ్లోయర్, కంప్యూటర్లు వాడిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరాలంటే అల్లిన రాగి ఎర్త్ పట్టీలే దారి. ఆ పట్టీ బోల్టు వదులైనా, దాని కింద తుప్పు పట్టినా, రంగు పూసినా క్యాబిన్ మొత్తం కుంటుపడుతుంది.

హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటరు అన్నీ వేయించి, బ్యాటరీ నెగటివ్‌కూ క్యాబిన్ లోహానికీ మధ్య కొలిచారు. 0.2 వోల్టుల లోపు ఉండాల్సిన చోట 1.4 కనిపించింది. క్యాబిన్ కింద పట్టీ బోల్టు విప్పితే, లోహాన్ని తాకాల్సిన చోట మందంగా నల్ల రంగు. ఎప్పుడో దెబ్బ తగిలి మరమ్మతు చేసినప్పుడు పట్టీ అడుగు గీకకుండానే రంగు మీద బిగించేశారు. బోల్టు మరల గుండా అరకొరగా తాకుతోంది, అంతే.

సర్వీస్ సెంటర్‌లో ఎర్త్ చూశాం, బాగానే ఉందని రెండోసారి చెప్పారు. వాళ్లు నిరోధం కొలిచే ఓమ్ మీటర్‌తో చూసి ఉంటే అబద్ధం చెప్పలేదనే అనుకుంటాను. 40 యాంపియర్లు పారేటప్పుడు 1.4 వోల్టులు పోతున్నాయంటే ఆ చోటి నిరోధం 0.035 ఓములు మాత్రమే. మామూలు మీటర్ వైర్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది, కాబట్టి మీటర్‌లో ఈ తేడా కనిపించదు. కరెంటు బలంగా పారుతుండగా వోల్టులు కొలిస్తే తప్ప ఈ దోషం బయటపడదు. ఎర్త్ చూశామని ఎవరైనా అంటే, ఏమేమి వేసి చూశారు, ఎన్ని వోల్టులు వచ్చాయి అని అడగండి.

రెండు దోషాలూ కలిసి చేసిన పని ఇది. నిలిపిన బండి బ్యాటరీ అప్పటికే సగం ఖాళీ. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు స్టీరింగ్‌కు సాయపడే మోటారు పెద్ద మొత్తంలో కరెంటు లాగుతుంది, ఇంజిన్ తక్కువ వేగంలో ఉన్నందున ఆల్టర్నేటర్ వెంటనే అందుకోలేదు. వోల్టేజి ఒక్క క్షణం పడిపోతుంది. అందులోంచి ఎర్త్ దగ్గర మరో వోల్టున్నర పోతే క్యాబిన్‌లోని కంప్యూటర్లు ఆరిపోయి మళ్లీ లేస్తాయి.

కంప్యూటర్లన్నీ క్యాన్ అనే రెండు మెలితిప్పిన వైర్ల మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది. అందులో ఒకటి అరక్షణం మూగబోతే, మిగతావన్నీ దాని మాట వినిపించలేదని తమ తమ జ్ఞాపకంలో రాసుకుంటాయి. నా యు0140 కోడ్ అదే. మాడ్యూల్ చెడలేదు, దానికి తిండి అందలేదు. ‘యు’తో మొదలయ్యే కోడ్ కనిపించగానే మాడ్యూల్ మారుస్తామంటే ఒప్పుకోకండి. ముందు దానికి వచ్చే కరెంటు, ఎర్త్, ఆ తరువాత క్యాన్ వైర్లు చూడాలి. బ్యాటరీ తీసేసి, స్కానర్ తగిలించే 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా బండ్లలో 60 ఓముల దగ్గర వస్తుంది. రెండు కొసల్లో ఒక్కొక్క 120 ఓముల నిరోధకం ఉంటుంది, రెండూ సమాంతరంగా కలిస్తే అందులో సగం వస్తుంది. 120 వస్తే ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయాయి. రెండు నిమిషాల పని ఇది.

ఇంకో సంగతి. చాలా కొత్త బండ్లలో బ్యాటరీ నెగటివ్ కొసన చిన్న సెన్సర్ ఉండి లోపలికీ బయటికీ పోయే కరెంటును లెక్క కడుతుంది. కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి బండికి స్కానర్ ద్వారా చెప్పాల్సి ఉంటుంది, లేకపోతే పాతదే ఉందనుకుని ఛార్జింగ్ తప్పుగా నడుపుతుంది. నాకు వేసిన రెండు బ్యాటరీల్లో ఒక్కదానికీ ఆ పని చేయలేదు. ఛార్జర్ పెట్టేటప్పుడు నెగటివ్ క్లిప్పును బ్యాటరీ కొసకు కాకుండా కంపెనీ చూపించిన ఎర్త్ చోటికి తగిలించమనేది కూడా ఈ సెన్సర్ కోసమే.

కొనబోయేవారు చూసుకోవలసినవి నా అనుభవం మీద చెబుతున్నాను. స్కానర్ కాగితంలో లోపాల సంఖ్య కన్నా ముందు, చెరిపాక నడిచిన దూరం చూడండి. అది పదులలో ఉంటే కొన్ని వందల కిలోమీటర్లు నడిపించాక మళ్లీ స్కాన్ తీయమనండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. బండిని ఒక రాత్రంతా కదపకుండా ఉంచమని చెప్పి, ఉదయం తలుపు తెరవకముందే బ్యాటరీ వోల్టులు కొలవండి. మామూలు 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దగ్గర చూపిస్తుంది, 12.2 అంటే సగమే. ట్రైలర్ సాకెట్ మూత ఎత్తి పిన్నుల మీద చిలుము ఉందేమో చూడండి. క్యాబిన్ వెనక, పైన ఉండే బ్రేక్ లైటు రబ్బరు పాడైతే నీళ్లు లోపలికి కారుతాయి. వెనక సీటు కింద తివాచీ ఎత్తి చేత్తో తడిమి చూడండి. క్యాబిన్ బోల్టుల చుట్టూ కొత్త రంగు కనిపిస్తే ఎర్త్ పట్టీలన్నీ విప్పించి చూడాల్సిందే. వించి (తాడుతో లాగే యంత్రం), అదనపు లైట్లు, కెమెరాలు ఎవరెవరో బిగించి ఉంటే ప్రతి అతుకూ చూపించమనండి.

ఇప్పటికే జబ్బున్న బండి మీ దగ్గర ఉంటే, తేదీ, ఎన్ని గంటలు నిలిపారు, వాన పడిందా, ఏమేమి వేసి ఉన్నాయి అన్నీ రాయండి. హెచ్చరిక దీపాలు వెలిగినప్పుడు ఫోనుతో వీడియో తీయండి, బండి నడుపుతున్నది మీరే అయితే ఆ పని పక్కవారికి అప్పగించండి. సర్వీస్ సెంటర్‌లో కోడ్‌లు చెరపకముందే వాటి నకలు అడిగి తీసుకోండి, చెరిపితే లోపం వచ్చిన క్షణంలో నమోదైన వివరాలు కూడా పోతాయి. మార్చిన పాత భాగాన్ని ఇంటికి తెచ్చుకోండి.

రంగు గీకి, కొత్త పట్టీ బిగించాక క్యాబిన్ ఎర్త్ దగ్గర 0.06 వోల్టులు వచ్చాయి. అతుకులు తీసేసి ఆ వైరింగ్‌ను పూర్తిగా తొలగించాక నిద్రలో పోయే కరెంటు 28 మిల్లీయాంపియర్లకు దిగింది. తొమ్మిది రోజులు నిలిపి చూశాను, మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. ఈ అంకెలన్నీ ఆయన తన చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం నకలు జతచేసి, తీసేసిన ఆల్టర్నేటర్, మాడ్యూల్ నాకు తిరిగి ఇవ్వమని సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా అడిగాను. మూడు వారాలైంది, ఇంకా జవాబు రాలేదు.